చిటికెడు

పక్ తగిలింది నీ దవడకి, దార్కా,
గడ్డకట్టిన చెరువు మీద, మొహానికి ముసుగు లేని ఆటలో.
ఆరు వారాలు పళ్ళకి తీగలు.
"ఏదైనా సరే, స్ట్రాలో పట్టాలి" అన్నాడు యార్క్‌టన్ డాక్టరు,
ట్రాక్టరు గొట్టం కొలత చెబుతున్నట్టు.
కొలతలైతే నాకు తెలుసు.
ధాన్యం ఎలివేటర్లో బెల్టులు బిగించే చేతులివి.
పొయ్యి మీద ఇవి ఎరిగింది కాఫీ ఒక్కటే.

మీ అమ్మ ఎక్కడో ఉత్తరాన, గనిలో
నూట యాభైమందికి వండుతోంది.
ఫోన్లో చెప్పింది:
ముందు చల్లటి పాలలో కార్న్‌ఫ్లోర్ కలుపు,
వేడి పాలలో వేశావో, అన్నీ ఉండలే.
కోకో, పంచదార పొడిగా ఉన్నప్పుడే కలిపెయ్యి.
అడుగంటనీకు. గరిట ఆపకు.
చివర ఒక చిటికెడు...
అక్కడ లైను తెగింది.
చిటికెడంటే పంచదారే అనుకున్నాను.

మొదటిసారి ఉండలు కట్టింది.
స్ట్రాతో లాగుతుంటే నీ బుగ్గలు లోపలికి పోయి
కళ్ళు బయటికొచ్చాయి.
నవ్వకూడని నోటితో నవ్వి, నొప్పికి ఏడ్చావు.
రెండోసారి జల్లెడలో వడకట్టాను.
మూడోసారికి గరిటే చెప్పడం మొదలెట్టింది:
తేలిగ్గా తిరిగేది ఉన్నట్టుండి బరువెక్కుతుంది,
తుపుక్, తుపుక్, బురదగుంటలోలా రెండు బుడగలు,
ఇంకొక్క నిమిషం, దించెయ్.
వెన్నముక్క వేస్తే
కొత్త గ్రీజు పట్టిన బేరింగులా మెరిసింది.

బడికి పాలు పోసి, పలచన చేసి, ఫ్లాస్కులో.
మిగిలింది నా రొట్టె మీద పూత.
స్టెఫ్కో చూసి నవ్వాడు,
మర్నాడు తన రొట్టె కూడా చాపాడు.

నిల్వ సంగతి వేరే చదువు.
బయట మైనస్ ముప్ఫై.
ఇంత పెద్ద ఫ్రీజరు ఊరికే ఇచ్చాడు దేవుడని
పన్నెండు సీసాలు వెనక గుమ్మం పక్క మంచులో పాతాను.
కరిగించి చూస్తే
నీళ్ళు ఒకపక్క, ఇసుక ఒకపక్క.
ఒకసారి గడ్డకట్టి కరిగితే
ఇక కలవదు, ఎంత చిలికినా.
మా నాన్నా నేనూ అలాగే...
అది ఇప్పుడెందుకులే.

ఆ తర్వాత ఫ్రిజ్‌లోనే, మూడు రోజులకి సరిపడా.
పైన మీగడ కట్టకుండా
పల్చటి ప్లాస్టిక్ కాగితం దాని ఒంటికి అంటేలా పరిచేవాణ్ణి,
నువ్వు పసిగుడ్డుగా ఉన్నప్పుడు దుప్పటి సర్దినట్టు.
మీగడ స్ట్రాలో దూరదు కదా.

రాత్రి రెండింటికి ఆకలేసి దిగివచ్చేదానివి.
సీసా, స్ట్రా, పలక.
నేను అడిగేవాణ్ణి, నువ్వు రాసేదానివి.
పక్‌కి అడ్డం ఎందుకు పడ్డావు,
పడే ముందు ఆ అరక్షణం ఎలా ఉంటుంది,
ఇవేవీ పదిహేనేళ్ళలో అడగలేదు నేను.
ఒక డబ్బా సుద్దముక్కలు అరిగిపోయాయి.

నడుమ ఒక వారం అమ్మ వచ్చింది.
వేలితో తీసి నాకి, నీవైపు చూసింది.
నువ్వు తల అడ్డంగా ఊపావు, కొంచెమే.
అమ్మ వేలు తుడుచుకుని "బాగుంది, ఓరెస్ట్" అంది.
తను గరిట అందుకోబోతే పలక మీద రాశావు:
నాన్ననే చెయ్యనివ్వు.
ఆ పలక నేను తుడవలేదు.
నీకు ఇంకోటి కొన్నాను.

తీగలు తీసిన రోజు, ట్రక్కులో,
తుప్పు పట్టిన మడతబందులా దవడ కదిపి
ఆరు వారాల తర్వాత నువ్వన్న మొదటి మాట:
"ఉప్పు, నాన్నా. చిటికెడు ఉప్పు."

ఆ సాయంత్రం మళ్ళీ గరిట తిప్పాను.
చిటికెడు వేశాను.
గిన్నె మీద ఏమీ కప్పలేదు.
మీగడ కట్టింది, దళసరిగా, ముడతలు పడి.
చెంచాతో దాన్ని మొత్తంగా ఎత్తి
నువ్వు నమిలావు,
నెమ్మదిగా, కుడివైపునే.